ఇల్లు, లోపం, పూచీ: ఇస్లామీయ న్యాయచరిత్రలో అమ్మకపు హామీలు

ఇల్లు కొనేవాడు గోడను చూడగలడు గాని, గోడలోపల వాడిన మట్టిని చూడలేడు. పైకప్పు వేయించుకునేవాడు పెంకులను లెక్కించగలడు గాని, వాటి కింది వాసాలు ఎన్ని వర్షాలకు నిలుస్తాయో చెప్పలేడు. ఈ రెండు సందర్భాల్లోనూ అతడు అసలు కొనేది ఎదుటివాడి మాటను. ఆ మాట తప్పినప్పుడు నష్టం ఎవరు భరించాలి? అమ్మినవాడా, కొన్నవాడా, పని చేసిన మేస్త్రీయా? “ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను, తరువాత నన్నడగవద్దు” అని ముందే ఒక్క మాట అనేస్తే బాధ్యత తీరిపోతుందా? నేడు పూచీపత్రాల వెనుకభాగంలో చిన్న అక్షరాలతో అచ్చయ్యే నిబంధనలన్నీ ఈ ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

ఈ ప్రశ్నలు కొత్తవి కావు. మదీనా బజారు మొదలుకొని కూఫా, సెవిల్, ట్యూనిస్, ఇస్తాంబుల్ నగరాల వరకు ముస్లిం ధర్మవేత్తలు, ఖాజీలు, బజారు అధికారులు వీటిపై పదమూడు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. వారందరూ ఒకే సమాధానం చెప్పలేదు. ఆ భేదాభిప్రాయాలలోనే ఈ చరిత్ర విలువ ఉన్నది.

మదీనా బజారులో

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందనీ, తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని అమ్మకందారును మందలించారనీ, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారనీ సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. ఇక్కడ అమ్మకందారు అబద్ధమేమీ చెప్పలేదు. ఎండిన గింజలను పైన ఉంచి ఊరుకున్నాడు, అంతే. అంటే వస్తువును పేర్చిన తీరు కూడా ఒక వాగ్దానమే అవుతుందన్న సూత్రానికి ఈ సంఘటన ఆధారమైంది. పాలు పిండకుండా రెండు మూడు రోజులు ఆపి, పొదుగు నిండుగా కనిపించేట్టు చేసి అమ్మిన పశువును మూడు రోజులలోగా తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి కల్పించిన హదీసు కూడా ఇటువంటిదే.

మూడవ సంఘటన ఇంకా ఆసక్తికరమైనది. తలకు తగిలిన దెబ్బవల్ల గ్రహణశక్తి మందగించిన ఒక వ్యక్తి బేరాల్లో తరచు మోసపోయేవాడు. కొన్ని ఉల్లేఖనాల ప్రకారం ఆయన పేరు హబ్బాన్ ఇబ్న్ మున్ఖిజ్. బేరం కుదిరేటప్పుడు మోసముండరాదని ఒక్క మాట అనమని ప్రవక్త (స) ఆయనకు సూచించారు. మూడు రోజుల వ్యవధి కూడా ఇచ్చారు. కొన్న తరువాత ఆలోచించుకొని వెనక్కి ఇవ్వడానికి గడువు కోరే హక్కును ధర్మవేత్తలు ‘ఖియారె షర్త్’ అన్నారు. దానికి మూలం ఇదే. బేరంలో బలహీనుడైన వ్యక్తిని దృష్టిలో పెట్టుకొని పుట్టిన నియమం ఆ తరువాత అందరికీ వర్తించే నియమమయింది.

మదీనా ఆచారంలో గడువుతో కూడిన పూచీ కూడా ఉండేది. ఆనాటి బానిస విక్రయాల్లో మొదటి మూడు రోజులలో బయటపడిన ఏ లోపానికైనా అమ్మినవాడిదే బాధ్యత. పిచ్చి, కుష్ఠు వంటి పేర్కొన్న వ్యాధుల విషయంలో ఆ బాధ్యత ఏడాది పొడవునా ఉండేది. ఇమామ్ మాలిక్ (మరణం హి. 179, క్రీ.శ. 795) తమ ‘ముఅత్తా’లో దీనిని నమోదు చేశారు. ఫలానా లోపాలకు ఇంత కాలం, మిగిలినవాటికి ఇంత కాలం అని విడదీసి చెప్పే పద్ధతి నేటి పూచీపత్రాలతోనే మొదలు కాలేదన్నమాట.

“నన్నడగవద్దు” అన్న మాట

అమ్మకందారు ముందుగానే బాధ్యత వదిలించుకొనే మాటను అరబ్బీలో ‘బరాఅత్’ అంటారు. దీనిపై వచ్చిన తొలి వివాదాన్ని కూడా ‘ముఅత్తా’యే భద్రపరచింది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమర్ (ర) ఒక బానిసను ఎనిమిది వందల దిర్హములకు బరాఅత్ షరతుపై అమ్మారు. ఆ బానిసకు తనకు చెప్పని జబ్బు ఉన్నదని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (ర) ముందుకు వెళ్ళింది. బరాఅత్ షరతుతో అమ్మానని ఇబ్న్ ఉమర్ వాదించారు. ఆ మాటతో ఖలీఫా తృప్తిపడలేదు. అమ్మిన సమయంలో ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు. ఇబ్న్ ఉమర్ ప్రమాణానికి ఇష్టపడక బానిసను వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత అతనికి నయమైంది. ఇబ్న్ ఉమర్ అతనిని పదిహేను వందల దిర్హములకు మళ్ళీ అమ్మారు.

ఈ తీర్పులోని సారం గమనించదగినది. షరతు చెల్లదని ఖలీఫా అనలేదు. అది తెలియని లోపాలకే వర్తిస్తుందనీ, తెలిసి దాచిన లోపానికి వర్తించదనీ ఆయన చేయించబోయిన ప్రమాణాన్ని బట్టి అర్థమవుతున్నది.

అయితే తరువాతి ధర్మవేత్తలు దీని పరిధి విషయంలో ఏకీభవించలేదు. మాలికీల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం బరాఅత్ బానిస విక్రయాల్లో, అదీ అమ్మినవాడికి తెలియని లోపాల విషయంలో మాత్రమే చెల్లుతుంది. షాఫియీల ప్రబల అభిప్రాయం ప్రకారం జంతువుల్లోని అంతర్గత లోపాలకే, అమ్మినవాడికి తెలియనప్పుడే చెల్లుతుంది. ఈ రెండు అభిప్రాయాలనూ ఇంటికి అన్వయిస్తే, “గోడలతో నాకు పని లేదు” అని అమ్మినవాడు ఎన్నిసార్లన్నా ప్రయోజనం లేదు. హనఫీల దృష్టి వేరు. లోపాన్ని బట్టి వస్తువును తిరిగి ఇవ్వడం కొన్నవాడి హక్కు. తన హక్కును తానే వదులుకుంటే అడ్డమేమిటి? కాబట్టి తెలిసిన లోపమైనా తెలియని లోపమైనా బరాఅత్ షరతు చెల్లుతుందని వారు తేల్చారు. తెలిసి దాచడం పాపమే గాని, ఆ పాపానికి విచారణ ఖాజీ ముందు జరగదు.

భారతదేశంలోనూ ఉస్మానియా సామ్రాజ్యంలోనూ వ్యాపించినది హనఫీ ధర్మమే. అందుచేత కొనేవాడికి తక్కువ రక్షణ ఇచ్చే అభిప్రాయమే ఎక్కువ జనానికి వర్తించింది. ఇస్లామీయ న్యాయం ఆది నుండి కొనుగోలుదారు పక్షమే వహించిందని తేలికగా చెప్పేవారు ఈ వాస్తవాన్ని మరువరాదు. ఇమామ్ అబూ హనీఫా (మరణం హి. 150, క్రీ.శ. 767) స్వయంగా వస్త్రవ్యాపారి. భాగస్వామి హఫ్స్ ఒక గుడ్డలోని లోపాన్ని చెప్పకుండా అమ్మినట్టు తెలిసి, కొన్నవాడు దొరకకపోతే, ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేశారని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. ధర్మవేత్తగా ఆయన చట్టానికి గీసిన హద్దు ఒకటి. వర్తకుడిగా తనకు తాను గీసుకున్న హద్దు మరొకటి. ఆ రెండింటి నడుమ దూరం చిన్నది కాదు.

పొగడ్త ఎంతవరకు?

సరుకును పొగడడం ఎంతవరకు వ్యాపారం, ఎక్కడి నుండి మోసం అనే చర్చను ఇమామ్ గజాలీ (మరణం హి. 505, క్రీ.శ. 1111) తమ ‘ఇహ్యా’ గ్రంథంలో విస్తారంగా చేశారు. వస్తువులో లేని గుణాన్ని చెప్పరాదు, ఉన్న లోపాన్ని దాచరాదు, తూకంలో దాపరికం కూడదు, ధర విషయంలో దాపరికం కూడదు అని నాలుగు నియమాలు పెట్టారు. దానికి ఆయన ఉదహరించిన కథలలో రెండు ఇక్కడ చెప్పుకోదగినవి.

యూనుస్ ఇబ్న్ ఉబైద్ బస్రాలో పట్టువస్త్రాల వర్తకుడు. కొనేవాడు రాగా పనివాడు మూట విప్పి, వస్త్రాన్ని పరచి చూసి, తమకు స్వర్గం ప్రసాదించమని దేవుని వేడుకున్నాడు. అది సరుకును చాటుగా పొగడినట్టే అవుతుందని భయపడి యూనుస్ ఆ వస్త్రాన్ని అమ్మకుండా లోపల పెట్టించేశారు. ఇది చట్టం కాదు, పరహేజు. అయినా పొగడ్త నేరుగా మాటల్లోనే ఉండనక్కరలేదన్న గ్రహింపు ఇందులో ఉన్నది.

రెండవ కథలో వాసిలా ఇబ్న్ అల్‌అస్ఖా (ర) అనే సహాబీ ఉన్నారు. ఆయన ఎదుట ఒక ఒంటె మూడు వందల దిర్హములకు అమ్ముడయింది. ఆయన ఏమరుపాటుగా ఉండగానే కొన్నవాడు దానిని తోలుకొని పోయాడు. వాసిలా వెంటపడి పిలిచి, మాంసానికి కొన్నావా, స్వారీకి కొన్నావా అని అడిగారు. స్వారీకి అని అతడు చెప్పగా, దాని గిట్టలో రంధ్రం ఉన్నది, అది ఎక్కువ దూరం నడవదని తెలిపారు. అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించవలసి వచ్చింది. మాంసానికి కొన్నవాడికి ఆ రంధ్రం లోపమే కాదు. ఏది లోపం అన్నది కొన్న ప్రయోజనాన్ని బట్టి నిర్ణయమవుతుందన్న సూత్రం ఇంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం.

అమ్మకానికి తగిలించిన వాగ్దానం

అమ్మిన తరువాత ఫలానా పని చేసి పెడతానని అమ్మకందారు ఇచ్చే మాట సంగతేమిటి? దీనిపై అబ్దుల్ వారిస్ ఇబ్న్ సయీద్ చెప్పిన ఉదంతం ధర్మశాస్త్ర విద్యార్థులకు బాగా పరిచితమే. ఆయన మక్కాలో ముగ్గురు కూఫా పండితులను కలిసి, షరతుతో కూడిన అమ్మకం గురించి ఒకే ప్రశ్న వేశారు. అమ్మకమూ చెల్లదు, షరతూ చెల్లదన్నారు అబూ హనీఫా. అమ్మకం చెల్లుతుంది, షరతు చెల్లదన్నారు ఇబ్న్ అబీ లైలా. రెండూ చెల్లుతాయన్నారు ఇబ్న్ షుబ్రుమా. అబ్దుల్ వారిస్ ఆశ్చర్యపడి మళ్ళీ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి అడిగితే, ప్రతి ఒక్కరూ తమ వాదానికి ఒక్కొక్క హదీసును ఆధారంగా చూపారు.

హనఫీల కఠిన నియమం నిత్యవ్యవహారంలో ఇబ్బంది కలిగించింది. చెప్పులు కొనేవాడు పట్టీ వేసి ఇమ్మంటాడు. తాళం కొనేవాడు దానిని తలుపుకు బిగించి ఇమ్మంటాడు. ఇవన్నీ షరతులే. అందుకే ప్రజల వాడుకలో స్థిరపడిన షరతు చెల్లుతుందని హనఫీలు మినహాయింపు కల్పించారు. హి. 1286 నుండి 1293 వరకు (క్రీ.శ. 1869–1876) అహ్మద్ జెవ్దెత్ పాషా నాయకత్వంలో వెలువడిన ఉస్మానియా పౌరస్మృతి ‘మజల్లా’ 188వ అధికరణంలో తలుపుకు తాళం బిగించే షరతును ఉదాహరణగా పేర్కొన్నది. ఇంటికి సంబంధించిన చిన్న పని చట్టగ్రంథంలోకి ఎక్కిన సందర్భమిది. ఇరవయ్యవ శతాబ్దంలో ముఫ్తీ ముహమ్మద్ తకీ ఉస్మానీ వంటి హనఫీ విద్వాంసులు, కొన్నేళ్ళు ఉచితంగా మరమ్మతు చేసే షరతుతో రిఫ్రిజిరేటర్ కొనడాన్ని ఈ వాడుక సూత్రం ఆధారంగానే సమర్థించారు. తాళం నుండి రిఫ్రిజిరేటర్ వరకు తర్కం ఒక్కటే. బజారులో అందరూ ఆశించే మాట, బేరంలో భాగమే.

కూఫా ఇళ్ళు, తరువాతి ఇళ్ళు

ఇంటి కొనుగోలుకు ప్రత్యేకంగా సంబంధించిన నియమాలు కొన్ని ఉన్నాయి. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత వద్దనే హక్కు హనఫీ ధర్మంలో ఉన్నది. మరి ఇంటిని ‘చూడడం’ అంటే ఏమిటి? ముంగిలి చూస్తే చాలునని, ఆపై వద్దనే హక్కు పోతుందని హనఫీ మూలగ్రంథాలు అన్నాయి. గదుల్లోకి వెళ్ళి చూడనిదే హక్కు పోదన్నారు అబూ హనీఫా శిష్యుడైన ఇమామ్ జుఫర్ (మరణం హి. 158, క్రీ.శ. 775). ‘హిదాయా’ కర్త మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) ఈ భేదాన్ని చర్చిస్తూ ఒక చక్కని చారిత్రక వివరణ ఇచ్చారు. పూర్వులు తమ కాలపు కట్టడాల వాడుకను బట్టి అలా చెప్పారు. ఆనాటి ఇళ్ళ మధ్య పెద్ద తేడా ఉండేది కాదు. తమ కాలంలో ఇళ్ళు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి గనుక లోపలికి వెళ్ళి చూడవలసిందే. ‘మజల్లా’ ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించి, ప్రతి గదినీ చూడాలనీ, గదులన్నీ ఒకే రీతిలో కట్టినవైతే ఒకటి చూస్తే చాలుననీ నిర్దేశించింది. ఇంటి కట్టుబడి మారితే చట్టం మారవలసి వచ్చిందన్నమాట.

మాలికీ ధర్మం ఇంటి లోపాలను అంచెలుగా విభజించింది. పద్నాలుగవ శతాబ్దపు ఈజిప్టు పండితుడు ఖలీల్ ఇబ్న్ ఇస్‌హాఖ్ సంగ్రహ గ్రంథం ఈ విభజనను క్లుప్తంగా ఇచ్చింది. మరీ స్వల్పమైన లోపానికి పరిహారమే లేదు. ఇల్లు కూలే భయం లేని గోడ బీట వంటి మధ్యరకం లోపానికి ఇల్లు తిరిగి ఇవ్వడం కుదరదు గాని, దాని మేరకు ధర తగ్గింపు లభిస్తుంది. బీట ఇంటి ముఖభాగంలో ఉన్నా, తీపినీరు పడే చోట ఆ ఇంటి బావి మాత్రం ఉప్పగా ఉన్నా, కొన్నవాడు ఇంటిని తిరిగి ఇచ్చివేయవచ్చు. ఒక్క బీట కారణంగా ఇల్లంతా వెనక్కి ఇవ్వడం అమ్మినవాడికి అన్యాయం. బీటను పట్టించుకోకపోవడం కొన్నవాడికి అన్యాయం. ఈ రెండింటి నడుమ దారి వెతికిన ఫలితమే ఈ విభజన.

కానీ బీట ప్రమాదకరమా కాదా అని తేల్చేదెవరు? ఖాజీకి న్యాయం తెలుస్తుంది గాని సున్నం సంగతి తెలియదు. ఇక్కడే తాపీమేస్త్రీ న్యాయస్థానంలో అడుగుపెట్టాడు. ట్యూనిస్ నగరంలో ఇబ్న్ అర్రామీ (మరణం హి. 734, క్రీ.శ. 1334) కట్టుబడి పనిలో ఆరితేరిన మేస్త్రీ. ఖాజీ ఇబ్న్ అబ్దుర్రఫీ వంటివారి పనుపున వివాదగ్రస్తమైన గోడలు, మురుగు కాలువలు, దూలాలు స్వయంగా పరీక్షించి నివేదించేవాడు. ఆ అనుభవంతో కట్టడాల న్యాయంపై ‘అల్ ఇలాన్ బి అహ్‌కామిల్ బున్యాన్’ అనే గ్రంథం రాశాడు. అందులో పండితుల తీర్పులూ ఉన్నాయి, తాను చూసిన గోడల వివరాలూ ఉన్నాయి. కరణీ పట్టిన చేయి న్యాయగ్రంథం రాయడం ఏ సంప్రదాయంలోనైనా అరుదైన విషయమే.

బజారు అధికారి కన్ను

వివాదం వచ్చాక తీర్చడం ఖాజీ పని. వివాదం రాకుండా చూడడం ముహ్తసిబ్ పని. హిస్బా వ్యవస్థపై వెలువడిన కరదీపికల్లో కట్టుబడి వృత్తులకు ప్రత్యేక స్థానం ఉన్నది. పన్నెండవ శతాబ్దారంభంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ అబ్దూన్ రచన వీటిలో ముఖ్యమైనది. దీని అరబ్బీ మూలాన్ని లెవీ ప్రొవెన్సాల్ 1934లో ప్రకటించాడు. గోడల మందం రెండున్నర జానలకు తగ్గరాదని ఇబ్న్ అబ్దూన్ నిర్దేశించాడు. ఇటుకల మందానికీ పెంకుల పరిమాణానికీ దూలాలకూ పలకలకూ ప్రమాణమైన నమూనాలు జామె మసీదులో అందరికీ అందుబాటులో ఉండాలన్నాడు. కొన్న ఇటుక సరియైనదో కాదో మసీదుకు వెళ్ళి కొలిచి చూసుకోవచ్చు. అమ్మకందారు మాటపై ఆధారపడవలసిన అగత్యం అంతమేరకు తగ్గింది.

ఈజిప్టుకు చెందిన ఇబ్నుల్ ఉఖువ్వా (మరణం హి. 729, క్రీ.శ. 1329) గ్రంథాన్ని ర్యూబెన్ లెవీ 1938లో ప్రచురించాడు. వడ్రంగులు, మేస్త్రీలు, గచ్చు పనివారు, సున్నం వేసేవారిపై ఆయన చేసిన ఫిర్యాదులు చదివితే ఏ కాలం గురించి రాశాడో మరచిపోతాం. పనివారు ఆలస్యంగా వచ్చి పెందలాడే వెళ్ళిపోతారు. అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. పని పెట్టుకోదలచిన గృహస్థుకు ఖర్చు తక్కువే అవుతుందని మొదట చెప్తారు. ఆ అంచనా నమ్మి అతడు పని మొదలుపెడతాడు. గోడ సగం లేచాక ఖర్చు అతడు తలచినదానికి మించిపోతుంది. మధ్యలో ఆపలేక అప్పుల పాలై దారిద్ర్యంలో పడతాడు. గచ్చు తయారుచేసేవారి దగ్గర లంచం పుచ్చుకొని నాసిరకం సరుకును మేస్త్రీలు ఒప్పుకోకుండా చూడాలని కూడా ఆయన ముహ్తసిబ్‌ను హెచ్చరించాడు. తక్కువ అంచనా చెప్పి పని దక్కించుకోవడాన్ని ఆయన కేవలం వ్యాపార నేర్పుగా చూడలేదు. ఒక కుటుంబాన్ని ముంచే మోసంగా చూశాడు.

పనివాడి బాధ్యత గురించి ధర్మవేత్తల మధ్య జరిగిన చర్చ కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తన చేతికిచ్చిన వస్తువు పాడైతే వృత్తిపనివాడు నష్టం కట్టాలా? అద్దకపువాడు, కంసాలి వంటివారిని హజ్రత్ అలీ (ర) బాధ్యులను చేశారనీ, అలా చేయకపోతే ప్రజల వ్యవహారం చక్కబడదన్నారనీ ఒక ఉల్లేఖనం ఉన్నది. హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ పది సంపుటాలలో ప్రచురించిన బైహఖీ ‘అస్సుననుల్ కుబ్రా’లో దీనిని చూడవచ్చు. దాని ఆధార పరంపర బలం గురించి చర్చ లేకపోలేదు. అబూ హనీఫా పనివాడి తప్పు ఉంటేనే బాధ్యత అన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ మాత్రం అగ్నిప్రమాదం వంటి తప్పించలేని విపత్తులు తప్ప మిగిలిన నష్టాలకు పనివాడే బాధ్యుడన్నారు. గురువు వాదం పనివాడి పేదరికాన్ని కాపాడింది. శిష్యుల వాదం సొత్తు అప్పగించినవాడి నమ్మకాన్ని కాపాడింది.

మజల్లా లెక్క

చెదిరి ఉన్న హనఫీ నియమాలను ‘మజల్లా’ 16 భాగాలుగా, 1851 అధికరణాలుగా క్రోడీకరించింది. విడిగా షరతేమీ లేని అమ్మకంలో వస్తువు లోపరహితంగా ఉండాలన్నది 336వ అధికరణం. అంటే ఎవరూ నోటితో చెప్పకపోయినా ఈ హామీ ఉన్నట్టే. వర్తకుల, నిపుణుల దృష్టిలో విలువ తగ్గించేదే లోపమన్నది 338వది. పాలిచ్చేదని అమ్మిన ఆవు వట్టిపోయినదైనా, రాత్రివేళ ఎర్రని కెంపని అమ్మిన రాయి పసుపురంగుదని తేలినా బేరం రద్దు చేసుకోవచ్చునన్నది 310వది. చేయించుకొన్న వస్తువు చెప్పిన వర్ణనకు సరిపోకపోతే వద్దనవచ్చునన్నది 392వది.

లోపం బయటపడితే కొన్నవాడు వస్తువును తిరిగి ఇవ్వాలి, లేదా ఒప్పుకొన్న ధరకే ఉంచుకోవాలి. తన చేతిలో ఉండగా దానికి కొత్త దెబ్బ తగిలినా, దానికి తాను ఏదైనా చేర్చినా తిరిగి ఇవ్వలేడు. అప్పుడు ధర తగ్గింపు మాత్రం అడగవచ్చు. ఆ తగ్గింపును లెక్కగట్టే పద్ధతిని 346వ అధికరణం ఉదాహరణలతో వివరించింది. ఒకడు 60 గురుష్‌లకు గుడ్డ కొన్నాడు. లోపం లేకపోతే దాని విలువ 80, లోపంతో 60 అని నిపుణులు తేల్చారు. తేడా 20, అంటే 80లో నాలుగవ వంతు. కాబట్టి అతడు ఇచ్చిన 60లో నాలుగవ వంతు, అనగా 15 గురుష్‌లు తిరిగి రావాలి. బజారు విలువలోని తేడాను ఉన్నదున్నట్టు ఇప్పించక, బేరం నిష్పత్తిని కాపాడడం ఇందులోని విశేషం.

అయితే ఏ లోపానికీ దావా చేయనన్న షరతుతో కొన్నవాడికి ఏ హక్కూ లేదన్న పాత హనఫీ నియమాన్ని 342వ అధికరణం అలాగే ఉంచింది. తరువాత వచ్చిన కొత్త స్మృతులు ఈ లోటును గుర్తించాయి. 1948 నాటి ఈజిప్టు పౌరస్మృతి 651వ అధికరణం ప్రకారం కట్టడం పూర్తిగా గాని కొంత గాని కూలితే కంట్రాక్టరు, వాస్తుశిల్పి ఉమ్మడిగా పదేళ్ళపాటు బాధ్యులు. ఈ బాధ్యతను తప్పించే షరతు పెట్టుకుంటే చెల్లదని 653వ అధికరణం చెప్తున్నది. పదేళ్ళ పూచీ 1804 నాటి ఫ్రెంచి స్మృతి నుండి వచ్చింది. కాని షరతు ముసుగులో బాధ్యత జారిపోరాదన్న ఆలోచన ముస్లిం న్యాయచరిత్రకు పరాయిది కాదు. ఉస్మాన్ (ర) అడిగిన ప్రమాణంలోనే దాని బీజం ఉన్నది.

మన దేశంలో

భారతదేశంలో ఔరంగజేబు కాలపు ‘ఫతావా ఆలంగీరీ’ ఈ నియమాలనన్నిటినీ క్రోడీకరించింది. ‘హిదాయా’ను చార్లెస్ హామిల్టన్ పారసీ అనువాదం ద్వారా ఆంగ్లంలోకి తెచ్చి 1791లో ప్రకటించాడు. ముస్లింల మధ్య ఒప్పందాలకు వారి ధర్మమే వర్తించాలని 1781 నాటి చట్టం కలకత్తా సుప్రీం కోర్టును ఆదేశించింది. 1872లో వచ్చిన భారత కాంట్రాక్టు చట్టంతో ఆ దశ ముగిసింది. కొనేవాడే జాగ్రత్తపడాలన్న ఆంగ్ల న్యాయసూత్రం ప్రధానమైంది. ఆ సూత్రానికి పాత ఉదాహరణ 1603 నాటి ఛాండెలర్, లోపస్ వ్యాజ్యం. విషహరమైన బెజోవర్ రాయి అని చెప్పగా నూరు పౌనులకు కొన్నవాడికి అది కాదని తేలింది. రాయి ఫలానాదని అన్నంత మాత్రాన పూచీ ఇచ్చినట్టు కాదని న్యాయస్థానం అతడి దావా కొట్టివేసింది. ‘మజల్లా’లోని కెంపు ఉదాహరణను దీని పక్కన పెట్టి చూస్తే రెండు సంప్రదాయాల మధ్య భేదం తెలుస్తుంది.

ఆంగ్ల సూత్రం కూడా క్రమంగా మెత్తబడింది. ఇంటిలోని ముఖ్యలోపం అమ్మినవాడికి తెలిసి, కొన్నవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే దానిని వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను విధించింది. అయితే అది వేరే ఒప్పందం లేనప్పుడే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షను, కొనేవాడు తన ప్రయోజనాన్ని తెలిపి వర్తకుడి నేర్పుపై ఆధారపడితే సరుకు ఆ ప్రయోజనానికి పనికిరావాలన్నది. వాసిలా (ర) అడిగిన ప్రశ్న ఇక్కడ మరో దారిన వచ్చి చేరింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. 1993 సవరణతో గృహనిర్మాణం కూడా దాని పరిధిలోకి చేరింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం అన్యాయమైన ఒప్పందాలను, తప్పుదారి పట్టించే ప్రకటనలను ప్రత్యేకంగా ప్రస్తావించింది. 2016 నాటి స్థిరాస్తి చట్టం 14వ సెక్షను ప్రకారం, స్వాధీనం చేసిన అయిదేళ్ళలోగా కట్టడంలో గాని పనితనంలో గాని లోపం బయటపడి తెలియజేస్తే, నిర్మాత 30 రోజులలోగా ఉచితంగా సరిచేయాలి. ఆ గడువులో చేయకపోతే కొన్నవాడికి తగిన పరిహారం పొందే హక్కు ఉంటుంది.

ఈ చరిత్రనంతా కలిపి చూస్తే ఏ హామీలోనైనా మూడు పొరలు కనిపిస్తాయి. నోటితో చెప్పకపోయినా బేరంలోనే ఇమిడి ఉన్నది మొదటిది. అమ్మకందారు ఫలానా గుణం ఉన్నదని, ఫలానా పని చేస్తానని చెప్పినది రెండవది. తనకు బాధ్యత లేదని తప్పించుకొనేది మూడవది. వివాదాలన్నీ మూడవ పొర మొదటి రెండింటిని ఎంతవరకు తుడిచివేయగలదన్న దానిపైనే వచ్చాయి. పైకప్పు చెమ్మకు పూత వేయించుకొనే గృహస్థు నేడు చూడవలసినవీ ఈ మూడే. పదేళ్ళ పూచీ అని పెద్ద అక్షరాలతో ఉంటే చాలదు. ఆ పూచీ సరుకుకా, పనికా? లోపం వస్తే కొత్తగా వేస్తారా, సొమ్ము తిరిగి ఇస్తారా? లోపం ఉన్నదని తేల్చేది అమ్మినవాడి మనిషేనా, మరెవరైనానా?

చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. సెవిల్‌లో ఇటుక కొలత మసీదులో ఉంచమన్నా, ట్యూనిస్‌లో ఖాజీ తన మేస్త్రీని గోడ దగ్గరికి పంపినా, కొలిచే అధికారం అమ్మకందారు చేతిలో ఉండరాదన్నదే వాటి ఉద్దేశం. చట్టాలు ఎన్ని వచ్చినా ఆ మూడవ మనిషి లేనిచోట కొన్నవాడి హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది.